నాన్న చూపు ఎటుందో తెలుసుకోవడానికి

మా నాన్నకు నరాల జబ్బుతో మాట పోయింది, చేతులు కదలవు. కళ్ళు మాత్రం చక్కగా తిరుగుతాయి. ఆయన స్క్రీన్ మీద దేన్ని చూస్తే అది ఎంచుకున్నట్టు లెక్కగట్టే ప్రోగ్రామ్ రాద్దామని మామూలు వెబ్‌క్యామ్ ముందేసుకుని కూర్చున్నాను.

కళ్ళను గుర్తించడం ఒక పూటలో అయిపోయింది. మీడియాపైప్ అనే ఉచిత లైబ్రరీ ముఖం మీద 478 బిందువులు పెడుతుంది. వాటిలో కంటికి ఐదు చొప్పున 10 నల్లగుడ్లవి. కంటి రెండు మూలల మధ్య నల్లగుడ్డు ఎక్కడుందో చూస్తే సరిపోతుందనుకున్నాను. ముందు నా మీదే పరీక్షించుకుంటే, నేను కదలకుండా చూస్తున్నా, నా చూపు ఎక్కడుందో స్క్రీన్ మీద చూపించే చుక్క క్షణం కుదురుగా ఉండలేదు.

కాగితం మీద లెక్క వేశాక గానీ ఎందుకో అర్థం కాలేదు. నల్లగుడ్డు వెడల్పు ఎవరికైనా దాదాపు 11.7 మిల్లీమీటర్లే. 60 సెంటీమీటర్ల దూరంలో, 640 పిక్సెళ్ళ నా వీడియోలో అది 11 పిక్సెళ్ళ మచ్చ. చూపు స్క్రీన్ మీద ఒక సెంటీమీటరు జరిగితే కన్ను ఒక డిగ్రీ తిరుగుతుంది. ఆ ఒక్క డిగ్రీకి నల్లగుడ్డు జరిగేది పిక్సెల్‌లో ఐదో వంతుకు మించదు! తల ఒక్క మిల్లీమీటరు కదిలినా అంతకన్నా ఎక్కువే. వీడియోను 1280 పిక్సెళ్ళకు పెంచాను, తల ఎటు తిరిగిందో కూడా లెక్కలోకి తీసుకున్నాను. చుక్క కొంత కుదురుకుంది.

నాన్న ముందు పెట్టగానే మళ్ళీ మొదటికొచ్చింది. ఫ్రేమ్ ఆపి పెద్దది చేసి చూస్తే ఆయన కళ్ళజోడు మీద ట్యూబ్‌లైట్ తెల్లగా, సన్నని గీతలా పడి ఉంది. సరిగ్గా నల్లగుడ్డు మీదే. లైటు ఆర్పి పక్కన దీపం పెట్టాను. కిందికి చూసినప్పుడు పై రెప్ప వాలి నల్లగుడ్డు సగం మూసుకుపోయేది. కెమెరాను స్క్రీన్ పైనుంచి తీసి కింద పెడితే ఆ చిక్కు చాలావరకు తీరింది. ఇంత చిన్న విషయం తట్టడానికి వారం పట్టింది.

కేలిబ్రేషన్‌కి, అంటే ఎటు చూస్తే కన్ను ఎలా ఉంటుందో ప్రోగ్రామ్‌కి ముందే నేర్పడానికి, స్క్రీన్ మీద తొమ్మిది చుక్కలు ఒక్కొక్కటిగా చూడాలి. ఏడో చుక్కకే నాన్న కళ్ళు అలిసి నీళ్ళు కారేవి. ఐదుకు తగ్గించాను. అక్షరాల కీబోర్డు పెట్టాలన్న ఆశ కూడా అక్కడే వదులుకున్నాను. మూడు నాలుగు సెంటీమీటర్ల తేడా వచ్చే చూపుతో చిన్న అక్షరాలు ఎంచుకోమంటే ఆయన్ని హింస పెట్టడమే. ఆరు పెద్ద గళ్ళు చేశాను: నీళ్ళు, నొప్పి, దిండు, చలి, అమ్మని పిలు, ఏమీ వద్దు.

ఇంకో చిక్కు మిగిలింది. చదవడానికి చూసినా ఎంచుకున్నట్టే అయ్యేది. 1990లో రాబర్ట్ జేకబ్ అనే పరిశోధకుడు దీన్ని, ముట్టుకున్నదల్లా బంగారమైపోయే గ్రీకు కథలోని రాజు పేరుతో, మైడాస్ టచ్ సమస్య అన్నాడు. నాకైతే భస్మాసురుడి చెయ్యి గుర్తొచ్చింది. చూపు ఒకే గడిలో ఒకటిన్నర సెకను నిలిస్తేనే లెక్కలోకి వచ్చేలా మార్చాను. గడి చుట్టూ ఆకుపచ్చ అంచు నెమ్మదిగా నిండుతుంది. వద్దనుకుంటే ఈలోగా చూపు తప్పించుకోవచ్చు.

మొదటి సాయంత్రం అమ్మ గ్లాసు పట్టుకుని "నీళ్ళు కావాలా?" అని రెండుసార్లు అడిగింది. నాన్న చూపు నీళ్ళ గడి మీద ఆగలేదు. "దిండు" చుట్టూ అంచు నిండింది. వంగి చూస్తే దిండు జారి భుజం కిందికి ముడుచుకుపోయి ఉంది. ఎంతసేపటి నుంచి అలా ఉందో!