ఈ లైన్ ఎవరు రాశారు?

ఈ మధ్య కొత్త రిపోజిటరీల్లో, అంటే ప్రాజెక్టుల కోడ్ పెట్టి పంచుకునే చోట్ల, ఒక విషయం తరచుగా కనిపిస్తోంది. ప్రాజెక్ట్ మొత్తం ఏఐ టూల్‌తో రాయించామని రీడ్‌మీలో సంతోషంగా చెప్తారు, పక్కనే లైసెన్స్ ఫైల్‌లో జీపీఎల్ వెర్షన్ 3 అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ పెడతారు. ఈ రెండూ ఒకే ఒరలో ఇముడుతాయా అని మాత్రం ఎవరూ అడగట్లేదు.

జీపీఎల్ అంటే కాపీరైట్‌కి వ్యతిరేకం అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. నిజానికి అది పూర్తిగా కాపీరైట్ మీదే నిలబడింది. 1989లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ మొదటి జీపీఎల్ తెచ్చినప్పుడు దాని వెనకున్న ఆలోచన ఇదే: ఈ కోడ్ మీద హక్కు నాది, కాబట్టి షరతు పెట్టే అధికారమూ నాదే, నా షరతు ఏంటంటే దీన్ని మార్చి పంచేవాళ్లు ఆ మార్పుల సోర్స్ కోడ్ కూడా ఇదే లైసెన్స్ కింద ఇవ్వాలి. హక్కు లేకపోతే షరతే లేదు. 2008లో అమెరికాలోని ఫెడరల్ సర్క్యూట్ కోర్టు జాకబ్‌సన్ వర్సెస్ కాట్జర్ కేసులో తేల్చింది కూడా ఇలాంటిదే. బొమ్మ రైళ్లను నడిపే ఒక సాఫ్ట్‌వేర్ గురించిన గొడవ అది, ఓపెన్ సోర్స్ లైసెన్స్ షరతులు పాటించకుండా కోడ్ వాడుకుంటే కాపీరైట్ ఉల్లంఘన కిందకి రావచ్చని కోర్టు చెప్పింది. ఊరికే ఇచ్చిన కోడ్‌కి షరతులేంటి అని తేలిగ్గా తీసేసేవాళ్లకి అది గట్టి జవాబు.

ఇప్పుడు ఏఐ రాసిన కోడ్ సంగతి చూడండి. అమెరికా కాపీరైట్ ఆఫీస్ 2025 జనవరిలో ఇచ్చిన రిపోర్టులో, కేవలం ప్రాంప్ట్ ఇచ్చినంత మాత్రాన దాని ఫలితానికి మీరు రచయిత కారని స్పష్టంగా చెప్పింది. మనిషి దిద్దిన భాగానికి, మనిషి ఎంచి అమర్చిన తీరుకి హక్కు వస్తుంది, అంతవరకే. అదే ఏడాది మార్చిలో, ఏఐ తయారుచేసిన బొమ్మకి కాపీరైట్ అడిగిన థేలర్ కేసులో అక్కడి అప్పీలు కోర్టు కూడా రచయిత మనిషే అయ్యుండాలని చెప్పింది. బ్రిటన్ 1988 చట్టం, 1994 సవరణ తర్వాత మన 1957 చట్టం కాస్త వేరుగా మాట్లాడతాయి: కంప్యూటర్ తయారుచేసిన రచనకి దాన్ని చేయించిన వ్యక్తే రచయిత అంటాయి. కానీ ఆ మాటలు రాసిన కాలంలో ఇలాంటి మోడళ్లు లేవు, రెండు లైన్ల ప్రాంప్ట్ టైప్ చేసినవాళ్లే ఆ వ్యక్తి అని ధీమాగా చెప్పే పరిస్థితి లేదు. అంటే మొత్తం మోడల్‌తోనే రాయించిన ప్రాజెక్ట్‌కి జీపీఎల్ పెట్టి, రేపు ఏదో కంపెనీ దాన్ని మూసేసి అమ్ముకుంటే, కనీసం అమెరికాలో మీ చేతిలో ఏమీ ఉండకపోవచ్చు. దాదాపు ఏ షరతూ పెట్టని ఎమ్ఐటీ లైసెన్స్ వాడేవాళ్లకి దీనివల్ల పెద్దగా పోయేది లేదు. కాపీలెఫ్ట్‌ని, అంటే మార్పుల్నీ అదే లైసెన్స్ కింద ఇవ్వాలన్న జీపీఎల్ పద్ధతిని, నమ్ముకున్నవాళ్లకి మాత్రం పునాదే పోతుంది.

ఇది బయటికొచ్చే కోడ్ సంగతి. శిక్షణ కోసం మోడల్ లోపలికి వెళ్లిన కోడ్‌ది ఇంకో కథ. 2021లో గిట్‌హబ్ వాళ్ల ఏఐ కోడింగ్ టూల్ కోపైలట్ కొత్తగా వచ్చినప్పుడు, క్వేక్ 3 ఆటలోని ప్రసిద్ధ విలోమ వర్గమూలం ఫంక్షన్‌ని కామెంట్లతో సహా యథాతథంగా రాసేయడం చాలామంది చూశారు. ఆ ఆట సోర్స్ 2005లో జీపీఎల్ కింద విడుదలైంది. టూల్ మాత్రం దాని పైన సంబంధం లేని ఇంకేదో లైసెన్స్ పెట్టింది. 2022 నవంబర్‌లో కొందరు డెవలపర్లు కోపైలట్ మీద కోర్టుకెళ్లారు. చాలా ఆరోపణలని జడ్జి కొట్టేశారు, ఓపెన్ సోర్స్ లైసెన్స్ షరతుల్ని ఉల్లంఘించారన్న వాదన మాత్రం మిగిలింది. కేసు ఎటుపోయినా నన్ను బాధపెట్టేది ఇంకొకటి. ఎమ్ఐటీ లైసెన్స్ ఎంత ఉదారమైందంటే అది అడిగేదల్లా కాపీరైట్ నోటీసునీ లైసెన్స్ పాఠాన్నీ కాపీల్లో ఉంచమని. అమ్ముకోండి, మార్చుకోండి, పేరు మాత్రం చెరపొద్దు. రాత్రుళ్లు కూర్చుని ఎవరి దగ్గరా పైసా తీసుకోకుండా లైబ్రరీలు, అంటే ఇతరులు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే కోడ్, రాసిన లక్షలమందికి దక్కేది ఆ ఒక్క లైనే, మోడల్ గుండా వచ్చేసరికి మొదట రాలిపోయేదీ అదే.

మూడోది నాకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది. లైసెన్స్ నచ్చకపోతే కోడ్‌ని మళ్లీ మొదటినుంచి రాసుకునే దారి ఎప్పుడూ ఉంది. ఐబీఎమ్ పీసీ బయోస్‌ని (కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్‌ని) కాంపాక్ కంపెనీ అలాగే తిరిగి రాయించింది: ఒక టీమ్ అది ఎలా పనిచేస్తుందో చూసి వివరంగా రాసిస్తే, అసలు కోడ్ ఎప్పుడూ చూడని ఇంకో టీమ్ ఆ వివరణ మాత్రమే చదివి రాసింది. దీన్నే క్లీన్ రూమ్ అంటారు. చాలా ఖర్చు, చాలా సమయం పట్టే పని, అందుకే ఎక్కువమంది లైసెన్స్‌కి కట్టుబడటమే నయం అనుకున్నారు. ఆ ఖర్చే కాపీలెఫ్ట్‌ని కొంత కాపాడింది. ఇప్పుడు ఒక జీపీఎల్ లైబ్రరీని మోడల్‌కి చూపించి, దీన్ని ఇంకో భాషలో రాసిపెట్టు అంటే సాయంత్రానికి కొత్త ప్రాజెక్ట్, కొత్త లైసెన్స్ తయారు. దీన్ని క్లీన్ రూమ్ అనడం అన్యాయం. సోర్స్‌ని నేరుగా ఇచ్చి రాయిస్తే అది అనువాదం లాంటిదే. ఇవ్వకపోయినా, శిక్షణలో ఆ మోడల్ అదే లైబ్రరీని చదివి ఉండొచ్చు, చూడని టీమ్ అనే గోడ అక్కడ ఉందని ఎవరు హామీ ఇస్తారు? సోర్స్ చూపించకుండా ఆ లైబ్రరీని పరీక్షించే టెస్టులు మాత్రమే ఇచ్చి రాయిస్తే చట్టం ఒప్పుకుంటుందేమో, నాకు మాత్రం మనసొప్పదు.

కొన్ని ప్రాజెక్టులు తలుపు మూసేశాయి. జెంటూ లైనక్స్ 2024 ఏప్రిల్‌లో ఏఐ రాసిన కోడ్ వద్దంది, మరుసటి నెల నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్ట్ అలాంటి కోడ్‌ని కళంకితంగానే చూస్తామని, ముందస్తు అనుమతి లేనిదే తీసుకోమని రాసింది. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ నిషేధాన్ని తనిఖీ చేసే మార్గం లేదు, నిజాయితీగా చెప్పినవాళ్లు ఆగిపోతారు, దాచినవాళ్లు దాటేస్తారు. లైనక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) దారి నాకు ఎక్కువ నచ్చుతుంది. లైనక్స్‌లో తమ కోడ్ ఉందంటూ ఎస్‌సీఓ కంపెనీ వేసిన దావా గొడవ తర్వాత 2004 నుంచి అక్కడ ప్రతి ప్యాచ్ (కోడ్‌కి పంపే మార్పు) కింద సైన్డ్ ఆఫ్ బై అని ఒక మనిషి పేరు ఉండాలి, ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని ఆ మనిషి పూచీ పడినట్టు. టూల్ ఏదైనా పూచీ మనిషిదే.

నేను చూసుకునే చిన్న లైబ్రరీలో కూడా ఇదే పెట్టాను. ప్యాచ్ పంపేవాళ్లు ఏ టూల్ వాడారో కమిట్ మెసేజ్‌లో, అంటే మార్పుతో పాటు రాసే నోట్‌లో, చెప్పాలి. టూల్ రాసిన పెద్ద ముక్కల్ని తాము రాసినవాటితో కలపకుండా వేరే కమిట్‌గా పంపాలి, రేపు ఎవరైనా హక్కు గురించి అడిగితే హిస్టరీ చూసి చెప్పగలగాలి కదా. ప్రతి ఫంక్షన్ ఎందుకలా ఉందో తమ మాటల్లో వివరించలేకపోతే తీసుకోను. పబ్లిక్ కోడ్‌తో సరిపోలే సలహాల్ని ఆపే సెట్టింగ్ టూల్‌లో ఉంటే ఆన్ చేసుకోమంటున్నాను. దీనివల్ల కొందరు విసుక్కుని వెళ్లిపోయారు, ప్యాచ్‌లు తగ్గాయి, నాకు రివ్యూ పని పెరిగింది. అయినా మార్చను. మీ ప్రాజెక్ట్‌లో ఇప్పటికే రెండు రకాల కోడ్ కలిసిపోయి ఉంటే, కనీసం ఏ ఫైళ్లు దాదాపు మొత్తం మోడల్ రాసినవో రీడ్‌మీలో ఈ వారమే రాసిపెట్టండి, ఏడాది పోతే మీకే గుర్తుండదు.