పాకాల అడవిలో మే నెల ఉదయం

మే నెలలో అడవికి వెళితే ఎండుటాకులు తప్ప ఏముంటాయని చాలామంది అడుగుతారు గాని, నిన్న వరంగల్ జిల్లాలోని పాకాల చెరువు వెనుక బాటలో నడిచాక ఆ మాటను నేను ఒప్పుకోలేను. 13వ శతాబ్దంలో, కాకతీయ గణపతిదేవుని కాలంలో కట్టిన ఈ చెరువు చుట్టూ టేకు చెట్లు మోడుబారినా, చెమ్మ ఉన్న ప్రతిచోటా ప్రాణం కనిపిస్తూనే ఉంది.

వాగు ఒడ్డు తడి ఇసుకపై లేతపసుపు సీతాకోకచిలుకలు గుంపుగా వాలి, రెక్కలు ముడుచుకుని, సన్నని తొండాలను బురదలోకి దించి కదలకుండా ఉన్నాయి. పూదేనెలో చాలినంత దొరకని ఉప్పు, ఇతర ఖనిజాలు ఆ తడిలో ఉంటాయి. ఇలా చేరేవి ఎక్కువగా మగవే. అవి కూడబెట్టిన సోడియంలో కొంత జతకట్టేటప్పుడు ఆడవాటికి, వాటి గుడ్లకు చేరుతుంది. ఎంత చక్కని ఏర్పాటు!

పక్కనే మారేడు లేతాకుపై పక్షి రెట్టలా కనిపించినది నిజానికి నిమ్మ సీతాకోకచిలుక గొంగళిపురుగు. పుల్లతో మెల్లగా తాకగానే దాని తల వెనుక నుంచి రెండు మెత్తని కొమ్ములు పైకి లేచి, ఘాటైన వాసన వచ్చింది.

కొండముచ్చులు, ఒక పాలపిట్ట కూడా కనిపించాయి.

తిరుగుదారిలో ఎవరో నిప్పు పెట్టిన తునికి పొదలు నల్లగా మాడి ఉండటం చూసి మనసు కలుక్కుమంది. పక్షులు ఎగిరిపోగలవు, కొమ్మలకు అంటుకుని ఉన్న ప్యూపాలు (సీతాకోకచిలుకలుగా మారుతున్న గొంగళిపురుగుల గూళ్లు) మాత్రం కదలలేవు. దయచేసి వేసవి అడవిలో చుట్టలు, బీడీలు కాల్చి పారవేయకండి.