గడ్డిదుబ్బు దాకా తర్పణం

పుష్య బహుళ అమావాస్యను మా వైపు చొల్లంగి అమావాస్య అనే అంటారు. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో ఉంటుంది చొల్లంగి. గౌతమ మహర్షి తెచ్చిన గోదావరిని ఏడుగురు ఋషులు ఏడు పాయలుగా తీసుకెళ్లి సముద్రంలో కలిపారనీ, అందులో తుల్యుడి పాయ అయిన తుల్యభాగ ఇక్కడే సాగరంలో కలుస్తుందనీ పెద్దల మాట. సప్తసాగర యాత్ర చేసేవాళ్లు ఈ రోజు ఇక్కడ మొదటి మునక వేసి, ఒక్కో సంగమం చూసుకుంటూ భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరతారు. మా మామ్మ ఆ యాత్ర రెండుసార్లు చేసింది. నాకు ఏటా చొల్లంగి ఒక్కటే కుదురుతోంది.

స్నానమయ్యాక నువ్వులు, నీళ్లు వదులుతాం. తండ్రి వైపు మూడు తరాలు, తల్లి వైపు వాళ్లు, పేర్లన్నీ అయ్యాక పంతులుగారు ఈ శ్లోకం చెప్పిస్తారు.

ఆబ్రహ్మస్తంబపర్యంతం దేవర్షిపితృమానవాః |
తృప్యంతు పితరస్సర్వే మాతృమాతామహాదయః ||

చాలా ఏళ్లు దీన్ని నోటితోనే అన్నాను. ఒకసారి ఆయనే ఆపి సరిదిద్దారు. "స్తంభం కాదు బాబూ, స్తంబం. అంటే గడ్డిదుబ్బు. బ్రహ్మ దగ్గర్నుంచి గడ్డిదుబ్బు దాకా అందరూ తృప్తి పడాలని అడుగుతున్నావు నువ్వు."

దోసిట్లో నీళ్లతో తలెత్తి చూస్తే ఎదురుగా మడ అడవి. కోరింగ అభయారణ్యం ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఆ రోజు దాకా నాకది స్నానఘట్టం పక్కన ఉన్న పొదలు, అంతే.

అమావాస్య నాడు సూర్యచంద్రులు ఒకే వరసలో ఉండి సముద్రాన్ని లాగుతారు. పోటు మామూలు రోజులకన్నా పైకి వస్తుంది, పాటు అంతే కిందికి తీస్తుంది. మామూలు రోజుల్లో నీరందని లోపలి బురదకి కూడా అప్పుడు ఉప్పునీరు అందుతుంది. తిరిగి వెళ్లేటప్పుడు ఆ నీరు ఉత్తచేతులతో వెళ్లదు. రాలిన మడాకుల్ని పీతలు బొరియల్లోకి లాక్కెళ్లి ముక్కలు చేస్తాయి. మిగిలినదాని మీద కంటికి కనబడని సూక్ష్మజీవులు చేరతాయి, ఆకు మెత్తబడి పిండిలా అవుతుంది. అదే రొయ్యపిల్లలకీ చేపపిల్లలకీ తిండి. వాటి కోసం పండుగప్ప వస్తుంది, కొంగ వస్తుంది, రాత్రిపూట నీటిపిల్లి గట్టు మీద కాపు కాస్తుంది. పాటుతో బయటికి కొట్టుకుపోయిన పిండి సముద్రంలో చేపలకి చేరుతుంది. తర్పణం అంటే తృప్తి పరచడం. నేను ఏడాదికోసారి దోసెడు నీళ్లతో అడిగే తృప్తిని ఈ చెట్లు రోజుకి రెండు పోట్లతో జరిపిస్తున్నాయి.

ఎంత కష్టమైన చోట నిలబడి జరిపిస్తున్నాయో దగ్గరికెళ్లి చూడాలి. ఆ బురదలో గాలి ఆడదు, అందుకే తెల్లమడ వేళ్లు నేలలోంచి పెన్సిళ్లలా పైకి పొడుచుకొచ్చి ఊపిరి తీసుకుంటాయి. పీల్చిన ఉప్పుని ఆకు మీదికి తోసేస్తుంది, ఎండలో తెల్లగా పేరుకుని కనిపిస్తుంది. ఉప్పుపొన్న అయితే గింజని చెట్టు మీదే మొలకెత్తించి, పొడుగ్గా ఎదిగాకే బురదలోకి వదులుతుంది. బిడ్డ నిలదొక్కుకునే దాకా చంక దించని తల్లి గుర్తొస్తుంది నాకు.

ఈ వేళ్ల మధ్యకి రాగానే నీటి వడి తగ్గి, ఒండ్రు అడుక్కి దిగుతుంది. త్ర్యంబకం దగ్గర పుట్టి 1465 కిలోమీటర్లు నడిచి నది తెచ్చిన మట్టి అది. మా వరిచేలు, కొబ్బరితోటలు, తాత కట్టిన ఇల్లు, అన్నీ గోదావరి తెచ్చి పోసిన మట్టి మీదే ఉన్నాయి. 'పితరః' అన్నప్పుడు ఇప్పుడు ఆ మట్టిని కూడా తలుచుకుంటాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా పచ్చబడింది, దానికి దణ్ణం పెడతాను. కానీ నది పొడుగునా కట్టిన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోతోంది. మట్టి అందని తీరాన్ని అల కోసుకుపోతుంది.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను నాకు బాగా గుర్తు. తెల్లారేసరికి మా తోటలో నిలబడిన కొబ్బరిచెట్లని వేళ్ల మీద లెక్కపెట్టాం. మడ వెనకున్న ఊళ్లవాళ్లు మాత్రం ఇప్పటికీ ఆ అడవి వైపు చెయ్యెత్తి మొక్కుతారు. వేళ్లూ మొదళ్లూ అలల బలాన్ని విరిచి, మిగిలిందాన్ని లోపలికి పంపుతాయి.

ఆ తర్వాతి మాట చెప్పడం కష్టంగానే ఉంది. టైగర్ రొయ్యల సాగు మొదలైన రోజుల్లో రొయ్యపిల్లల్ని ఈ మడ కాలువల్లోనే పట్టేవారు. అవి పెరిగిన మడనే నరికి చెరువులు తవ్వారు. మా ఇంట్లో కూడా తవ్వారు. మా అక్క పెళ్లి ఆ డబ్బుతోనే జరిగింది. గీత మూడో అధ్యాయంలో భగవంతుడు, దేవతలు ఇచ్చినదాన్ని తిరిగి వాళ్లకి ఇవ్వకుండా తినేవాడిని 'స్తేన ఏవ సః' అన్నాడు. వాడు దొంగే అని. ఆ శ్లోకం చదివినప్పుడల్లా నాకు మా చెరువు కళ్ల ముందుకొచ్చేది.

తెగులు వచ్చి ఆ చెరువు చాలా ఏళ్లు ఖాళీగా పడుంది. నాలుగేళ్ల కింద, కాలువ వైపు గట్టుని రెండు చోట్ల తెగ్గొట్టించాను. మొక్కలేమీ నాటలేదు, పోటు లోపలికొచ్చి వెళ్లేలా దారిచ్చామంతే. రెండో ఏడు తెల్లమడ గింజలు వాటంతటవే నీటి మీద తేలుతూ వచ్చి పాతుకున్నాయి. ఇప్పుడు మోకాలెత్తున ఉన్నాయి. వాటి మొదళ్లలో పీత బొరియలు కనబడుతున్నాయి.

ఈ ఏడు చొల్లంగిలో మునక వేసి, తర్పణానికి ఆ గట్టు మీదికి వచ్చాను. పంతులుగారు కూడా వచ్చి, చెప్పులు విడిచి బురదలో నిలబడ్డారు. శ్లోకం దగ్గరికి వచ్చేసరికి పోటు ఎక్కుతోంది. ఆబ్రహ్మస్తంబపర్యంతం అని వదిలిన నువ్వుల్ని నీరు ఆ మొక్కల మధ్యకి తీసుకెళ్లింది.