సెల్ఫ్ కొడితే అందుకుంటుంది, కీ వదిలితే ఆగిపోతుంది

విశాఖలో కారుకి ఏ కరెంటు రోగం వచ్చినా మెకానిక్కుల నోట మొదట వచ్చేది ఉప్పుగాలే. హారన్ మోగకపోయినా ఉప్పుగాలి, లైటు మసకబారినా ఉప్పుగాలి. అబద్ధం అనను, బీచ్ రోడ్డు వైపు ఏళ్ల తరబడి ఆరుబయట ఉన్న బండి బానెట్ ఎత్తితే బ్యాటరీ లగ్గుల (తీగలు బిగించే కొనల) మీద పచ్చటి పొక్కు కనబడుతూనే ఉంటుంది. కాకపోతే ఆ ఒక్క మాటతో అసలు వెతకడమే మానేస్తున్నారు, నా బాధ అది.

మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత పెట్రోల్ కారు. సెల్ఫ్ కొడితే ఇంజన్ ఠక్కున అందుకునేది, కీ వదలగానే చచ్చిపోయేది. మొదట్లో అప్పుడప్పుడూ, తర్వాత రోజూ. హనుమంతవాక జంక్షన్లో ఆగిపోయిన రోజు వెనకాల బస్సు డ్రైవరు అన్న మాటలు ఇక్కడ రాయలేను.

గ్యారేజీలో లగ్గులు గీకారు, ఎర్త్ తీగ మార్చారు, ఫలితం లేదు, ఇక పెట్రోల్ పంపు మార్చాలన్నారు. అక్కడ నాకు నచ్చలేదు. బండిలో అన్నిటికంటే ఎక్కువ కరెంటు లాగేది సెల్ఫ్ మోటారు, అది గిర్రున తిరుగుతోందంటే బ్యాటరీ, మెయిన్ ఎర్త్ బాగానే ఉన్నట్టు. పంపే పోతే సెల్ఫ్ తిరిగేటప్పుడు మాత్రం ఇంజన్ ఎలా అందుకుంటుంది? కీ స్టార్ట్ నుంచి ఆన్‌కి వెనక్కొచ్చే ఆ క్షణంలో ఏం మారుతోందో చూడాలి గానీ.

కంచరపాలెంలో కార్ల కరెంటు పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. స్పార్క్ పుట్టించే కాయిల్ సాకెట్ పీకి, కీ ఆన్‌లో పెట్టి, నా మీటరుతో చూసి "12 వోల్టులు వస్తున్నాయి గురువుగారూ" అంటే ఆయన నవ్వేసి, "మీటరు ఏటి మోస్తాది బాబూ, బల్బెట్టి సూడు" అన్నాడు. ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బుకి రెండు తీగలు అతికించి ఉన్నాయి, అంతే ఆయన పరికరం. కీ ఆన్‌లో ఉంటే బల్బు దీపం వత్తిలా ఎర్రగా, స్టార్ట్‌కి తిప్పితే తెల్లగా భగ్గున వెలిగింది.

లెక్క చిన్నదే. మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా, కాబట్టి దారిలో ఒక ఓమ్ (కరెంటుకి అడ్డు కొలిచే లెక్క) అడ్డం ఉన్నా అది నిండు 12 చూపిస్తుంది. అదే తీగలో 5 ఆంపియర్లు పారితే ఆ ఒక్క ఓమ్ దగ్గరే 5 వోల్టులు హరించుకుపోతాయి, మిగిలిన 7తో స్పార్క్ సరిగా రాదు. అందుకే బల్బు వెలుగుతూ ఉండగానే మీటరు ఎర్ర తీగని బ్యాటరీ ప్లస్ మీద ఉంచి, నల్ల తీగతో ఫ్యూజ్ బాక్స్, కీ వెనక ఉండే ఇగ్నిషన్ స్విచ్‌లోకి వెళ్లే వైరు, స్విచ్ నుంచి బయటికొచ్చే వైరు ఒక్కొక్కటీ తాకిస్తూ పోవాలి. మొదటి రెండు చోట్లా తేడా పావు వోల్టు కూడా లేదు. స్విచ్ దాటగానే నాలుగు దాటేసింది.

దొంగ దొరికాడు. స్టీరింగ్ కింద కవరు తీసి స్విచ్ విప్పితే లోపల చిన్న రాగి రేకు, కీ ఆన్‌లో ఉన్నప్పుడు అది ఆనుకునే చోట మాత్రం బొగ్గులా నల్లగా మాడి, ప్లాస్టిక్ కాస్త కరిగి ఉంది. స్టార్ట్‌కి తిప్పితే రేకు రవ్వంత పక్కకి జరిగి శుభ్రంగా ఉన్న చోట ఆనుతుంది, అందుకే అప్పుడు అందుకునేది. మాడడానికి కారణం ఉప్పుగాలి కాదు, పాత ఓనరు పాటల ఆంప్లిఫయరుకి కరెంటు సరాసరి ఇగ్నిషన్ వైరు నుంచే లాగేశాడు. ఎంత సోకో!

చాలా కార్లలో తాళం వేరు, దాని వెనక కరెంటు ముక్క వేరు. మొత్తం లాక్ సెట్ కొనమంటే వెంటనే ఒప్పుకోకండి, ఆ వెనక ముక్క విడిగా దొరుకుతుందేమో అడగండి. మాకు దొరికింది, కాబట్టి పాత తాళంచెవే నడుస్తోంది. ఆంప్లిఫయరుకి బ్యాటరీ నుంచి వేరే లైను, పక్కనే ఫ్యూజ్, మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్-ఆఫ్ చేసే స్విచ్) వేయించాను, ఇప్పుడు ఇగ్నిషన్ వైరు ఆ రిలేని తెరిచి మూయడమే చేస్తుంది. పెట్రోల్ పంపు మాత్రం పాతదే.