పాత ఆల్టో, అరకు ఘాట్, పడిపోయిన మైలేజ్

డిసెంబర్ వస్తే చాలు మా ఇంట్లో అరకు మాట లేవాల్సిందే, వలిసె పూలు అయిపోకముందే వెళ్ళాలని మా ఆవిడ, అద్దాల బోగీకి టికెట్లు ఎలాగూ దొరకవు కాబట్టి కార్లోనే పోదామని మా బావ. కార్ అంటే నా 2009 ఆల్టో, 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్, ఏసీ ఉంది, పవర్ స్టీరింగ్ లేదు. ఇన్నేళ్ళలో పెద్దగా ఏడిపించింది లేదు గానీ చలి మొదలైన దగ్గర్నించీ మైలేజ్ మాత్రం దారుణంగా పడిపోయింది, హైవే మీద 18 ఇచ్చే బండి 13, మహా అయితే 13న్నర దగ్గర ఆగిపోతోంది. ఎయిర్ ఫిల్టర్ మార్పించా, మూడు ప్లగ్గులూ కొత్తవి వేయించా, టైర్లలో గాలి 30 కి తక్కువ లేకుండా చూసుకుంటున్నా, అలైన్‌మెంట్ కూడా చేయించా. ఏం మారలేదు. ఒక చోట ఇంజెక్టర్ క్లీనింగ్ అన్నారు, ఇంకో చోట "పాత బండి సార్, అంతే ఇస్తాది" అన్నారు.

మా బావ అయితే తీర్పు ఎప్పుడో ఇచ్చేశాడు. ఈ-20 పెట్రోల్. ఇథనాల్ కలుపుతున్నారు కాబట్టి మైలేజ్ పోయింది, దానికి నువ్వూ నేనూ ఏం చెయ్యలేం, బండి అమ్మెయ్.

పెందుర్తిలో బంకు దగ్గర ఫుల్ ట్యాంక్ కొట్టించి, గన్ దానంతట అది కట్ అయ్యాక ఇంక ఒక్క చుక్క కూడా పొయ్యొద్దని చెప్పి, మీటర్ రీడింగ్ ఫోటో తీసుకున్నా. మైలేజ్ చూడాలంటే ఇదొక్కటే నమ్మకమైన పద్ధతి, వచ్చాక మళ్ళీ అదే బంకు, అదే గన్, అదే కట్. ఐదొందలకి పోయించుకుని ముల్లు చూసి లెక్కలేసేవాళ్ళతో నేను వాదించను.

కొత్తవలస దాటాక బావకి లెక్క చెప్పడం మొదలుపెట్టా. లీటర్ పెట్రోల్‌లో ఉండే శక్తి కన్నా లీటర్ ఇథనాల్‌లో దాదాపు మూడో వంతు తక్కువ ఉంటుంది, నిజమే. కానీ కలిపేది 20 శాతం, 20 లో మూడో వంతు అంటే ఆరేడు శాతం, నీతి ఆయోగ్ వాళ్ళు 2021 లో వేసిన ఇథనాల్ రోడ్‌మ్యాప్‌లో కూడా పాత పెట్రోల్ కార్లకి 6-7 శాతం తగ్గొచ్చనే ఉంది. 18 లో 7 శాతం అంటే ఒకటింపావు కిలోమీటర్ బావా, అదీ అసలు ఇథనాలే లేని పెట్రోల్‌తో పోలిస్తే, మనకి ముందు కూడా 10 శాతం కలిసిందే పోశారు కదా, మరి మిగతా మూడు కిలోమీటర్ల పైచిలుకు ఎవడు తింటున్నట్టు? బావ కిటికీలోంచి చూస్తూ "ఎస్.కోటలో టిఫిన్ ఎక్కడ చేద్దాం?" అన్నాడు.

ఎస్.కోటలో టిఫిన్లయ్యి బొడ్డవర దాటితే ఇంక ఎక్కుడే. పిల్లలు కిటికీలకి అతుక్కుపోయారు, నలుగురు పెద్దాళ్ళు ఇద్దరు పిల్లలు సామాన్లతో పాపం ఆల్టో సెకండ్ గేర్‌లో మూలుగుతూ ఎక్కింది, ఏసీ కట్టేసి అద్దాలు దించేశాం. టైడా దగ్గర అడవి చల్లగాలి తగిలేసరికి అందరి మూడ్ మారిపోయింది. ఘాట్‌లో మైలేజ్ చూడకూడదు అనేది నా అభిప్రాయం, ఎక్కేటప్పుడు ఎంతొచ్చినా బాధే, దిగేటప్పుడు ఎంతొచ్చినా అబద్ధమే. కానీ ఘాట్‌లో వేరేవి కొన్ని తెలుస్తాయి.

డముకు వ్యూ పాయింట్ దగ్గర కాఫీకి ఆగాం. దిగి బండి చుట్టూ ఒక రౌండ్ వేస్తుంటే ముందు ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన. అరచెయ్యి రిమ్ముకి కొంచెం దూరంలో పెట్టి చూస్తే సెగ కొడుతోంది, కుడివైపు చూస్తే మామూలుగా ఉంది, వెనక రెండూ చల్లగా ఉన్నాయి. ఘాట్ దిగొస్తున్నప్పుడైతే ముందు చక్రాలు రెండూ కాలడం మామూలే, దాన్నిబట్టి ఏమీ చెప్పలేం, కానీ ఎక్కేటప్పుడు బ్రేక్ తొక్కేదే తక్కువ కదా, తొక్కకుండా ఒక్క చక్రమే కాలిందంటే ఆ బ్రేక్ వదలట్లేదనే అర్థం. అంటే ఇన్నాళ్ళూ ఇంజన్ ఒకవైపు లాగుతుంటే ఈ చక్రం ఇంకోవైపు పట్టుకుని కూర్చుందన్నమాట. బావని పిలిచి చెయ్యి పెట్టి చూడమన్నా. చూశాడు. "ఇది కూడా ఇథనాలేనా?" అంటే మా అక్క పడీ పడీ నవ్వింది.

అక్కణ్ణించి తొందర పడకుండా మధ్యమధ్యలో ఆపుకుంటూ వెళ్ళాం. అనంతగిరి కాఫీ తోటలు, గాలికొండ దగ్గర ఫోటోలు, ఇవన్నీ అందరూ రాసేవే. నాకు మాత్రం గాలికొండ దాటి సుంకరమెట్ట వైపు దిగుతుంటే డాష్‌బోర్డ్ మీద టెంపరేచర్ ముల్లు కిందకి జారిపోవడం కనపడింది. ఎక్కుతున్నంతసేపూ మధ్యలో ఉన్న ముల్లు కాస్త పల్లం రాగానే దాదాపు అడుగున చల్లదనం గుర్తు సి దగ్గరికి వచ్చేసింది. ఇంజన్ చల్లగా ఉంటే మంచిదేగా అన్నాడు బావ. చాలామంది అలానే అనుకుంటారు, నాకెందుకో తేడాగా అనిపించింది.

వలిసె పూలు బాగానే దొరికాయి, రోడ్డుకి రెండు పక్కలా పసుపు పచ్చగా, ఒకరి చేలో దిగితే ఆ చేను ఆవిడ తలకి ఇంత అని ఫోటో డబ్బులు తీసుకుంది, తీసుకోవాలి కూడా, తొక్కేది ఆవిడ పంటనే కదా. రాత్రికి బొంగు చికెన్. కారం కొంచెం తక్కువైంది గానీ పిల్లలకి అదే నచ్చింది.

మర్నాడు తెల్లారకముందే మాడగడ మేఘాలు చూడ్డానికి బయల్దేరాం. చలి మామూలుగా లేదు, చేతులు స్టీరింగ్ మీద కొంకర్లు పోతున్నాయి. వైజాగ్‌లో ఈ బండికి హీటర్ వెయ్యాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, ఆరోజు వేశా. ఎంత దూరం పోయినా గోరువెచ్చ గాలి తప్ప రావట్లేదు, ముల్లు అడుగునే ఉంది. హీటర్‌కి వేడొచ్చేది ఇంజన్ కూలెంట్ నుంచే కాబట్టి ఇంజనే వేడెక్కట్లేదని ఖాయమైపోయింది. మేఘాలు మాత్రం అద్భుతం, కొండల మధ్య పాలు పొంగినట్టు. కానీ నిజం చెప్పాలంటే నా బుర్ర సగం బానెట్ కిందే ఉంది.

అరకు ఊళ్ళో ఒక చిన్న షెడ్డు, టూవీలర్లు ఆటోలు ఎక్కువగా చేసే కుర్రాడు. ఘాట్ దిగేలోపే ఆ బ్రేక్ సంగతి చూడాలి, పట్టేసిన బ్రేక్‌తో అన్ని మలుపులు దిగడం అంత బుద్ధి తక్కువ పని ఇంకోటి లేదు. జాకీ ఎత్తి చక్రం చేత్తో తిప్పితే గరగరా రాసుకుంటూ అర చుట్టు కూడా తిరగట్లేదు. బ్రేక్ ప్యాడ్లని నొక్కే కాలిపర్ జరగడానికి ఉండే పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. విప్పి, గరుకు కాగితంతో రుద్ది, గ్రీజు పెట్టి, చిరిగిన రబ్బరు బూటు ఒకటి మార్చాడు, ప్యాడ్ లోపలివైపు బాగా అరిగిపోయింది గానీ వైజాగ్ దాకా లాగుతుందన్నాడు. ఈసారి తిప్పితే చక్రం దానంతట అది తిరిగింది.

ఈలోపు ఇంజన్ చల్లారింది కాబట్టి హీటర్ సంగతి చెప్పా. స్టార్ట్ చెయ్యమని రేడియేటర్ పై హోస్ పట్టుకుని నిలబడ్డాడు. ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపేది థర్మోస్టాట్ వాల్వ్, అది సరిగ్గా ఉంటే కూలెంట్ 80 డిగ్రీలు దాటేదాకా ఆ హోస్ చల్లగానే ఉండి తర్వాత ఒక్కసారి కాలాలి. మాది మొదటినుంచే మెల్లగా వెచ్చబడుతోంది. ఆపేసి, హౌసింగ్ బోల్టులు విప్పి, లోపల వేలు పెట్టి నవ్వాడు. "దీనికి వాల్వే లేదు కదేటి సార్, ఎవరో పీకీసినారు."

అప్పుడు మా ఆవిడ అంది, మే నెలలో సిగ్నల్ దగ్గర ఆవిర్లొచ్చాయే, అప్పుడు చేసిన మెకానిక్కే అయ్యుంటాడు అని. అవును, అప్పుడు పోయింది ఫ్యాన్ రిలే, అది మార్చి, పనిలో పనిగా ఇది కూడా తీసేశాడన్నమాట, అడగనూ లేదు చెప్పనూ లేదు. మన ఎండలకి థర్మోస్టాట్ అక్కర్లేదు అనేది మన మెకానిక్కుల్లో చాలామందికి ఉన్న నమ్మకం, పాత కార్బొరేటర్ బండ్ల రోజుల నుంచీ వస్తోంది. ఎంపీఎఫ్ఐ బండికి, అంటే కంప్యూటర్ లెక్క చూసి ఇంజెక్టర్లతో పెట్రోల్ పోసే బండికి, అది కుదరదు. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని సెన్సార్ చెప్తుంటే ఈసీయూ అనే ఆ కంప్యూటర్ పాపం చల్లటి ఇంజన్‌కి కావాలనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది, ఆయిల్ చిక్కగా ఉండి ఆ రాపిడి అదనం. మండే ఎండల్లో ట్రాఫిక్‌లో తెలియలేదు, చలి మొదలవగానే బయటపడింది, సరిగ్గా అప్పుడే అందరి నోటా ఈ-20 మాట కాబట్టి నింద దాని మీదకి పోయింది.

వాల్వ్ అరకులో దొరకలేదు. దిగేటప్పుడు బావ న్యూట్రల్ చేసెయ్, పెట్రోల్ మిగులుతుంది అంటాడు. వద్దు బాబూ. గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇలాంటి ఇంజన్‌లో ఇంజెక్టర్లు పెట్రోల్ ఆపేస్తాయి, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి, న్యూట్రల్‌లో ఐతే ఐడ్లింగ్‌కి పెట్రోల్ కాలుతూనే ఉంటుంది, పైగా భారమంతా బ్రేకుల మీద. సెకండ్, థర్డ్‌లోనే దిగాం. కింద ఎస్.కోటలో ఆగి చూస్తే ముందు చక్రాలు రెండూ ఒకేలా వేడిగా ఉన్నాయి, అలాగే ఉండాలి కూడా.

పెందుర్తిలో అదే గన్ దగ్గర 15న్నర లీటర్లు పట్టింది, తిరిగింది చాపరాయి వాగు దాకా వెళ్ళొచ్చిందీ కలిపి 230 కిలోమీటర్లు, అంటే 15 కి కొంచెం తక్కువ, అంత లోడుతో ఘాట్ ఎక్కి మరీ. వైజాగ్‌లో వాల్వ్, గాస్కెట్, కొత్త కూలెంట్, ముందు ప్యాడ్లు వేయించా, మొత్తం కలిపినా ఇంజెక్టర్ క్లీనింగ్‌కీ ఇంకా దేనిదేనికో నాకు చెప్పిన ఎస్టిమేట్‌లో సగం కూడా అవ్వలేదు. ఇప్పుడు ముల్లు మధ్యలోకొచ్చి అక్కడే నిలబడుతోంది.

తర్వాత అరసవల్లి దర్శనానికి శ్రీకాకుళం వెళ్ళొచ్చాం, ఆ హైవే మీద 17 దాటింది. తగ్గిన ఆ ముప్పావు కిలోమీటర్ ఈ-20 ఖాతాలో రాసుకో బావా అంటే, "ఒకటింపావు పోతాదని లెక్క కట్టింది నువ్వే కదా, మరి మిగతా అర ఎలా వచ్చింది?" అని ఫోన్ చేసి మరీ అడుగుతున్నాడు.