వృత్తి గడిలో ‘ప్రైవేటు’

మా ల్యాబులో వీర్య పరీక్షకు వచ్చేవారు నింపే కాగితంలో ‘వృత్తి’ అని ఒక గడి ఉంది. చాలామంది అందులో ‘ప్రైవేటు’ అని రాసి ఊరుకుంటారు. నాకది చాలదు. ఆటోనగర్‌లో వెల్డింగా, లారీ తోలడమా, హోటల్లో దోసెల పెనం ముందు నిలబడటమా అని గుచ్చి గుచ్చి అడుగుతాను. ‘కౌంటు (వీర్యకణాల సంఖ్య) చూడమంటే జాతకం అడుగుతారేమిటండీ’ అని కొందరు విసుక్కుంటారు.

అడిగేది వేడి గురించి. వీర్యకణాలు సరిగా తయారుకావాలంటే వృషణాల దగ్గర శరీరం కన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువ ఉండాలి. అవి ఒంటి బయట సంచిలో ఉండేది అందుకే. పొయ్యి ముందు, బాయిలరు పక్కన గంటల తరబడి ఉండే మనిషికి ఆ చల్లదనం ఎక్కడిది? గట్టి జ్వరంతోనూ ఇదే చిక్కు. టైఫాయిడ్ తగ్గిన నెలకో రెండు నెలలకో పరీక్ష చేయిస్తే కౌంటు పడిపోయి కనిపించవచ్చు. ఆ సంగతి తెలియక రిపోర్టు పట్టుకుని కుమిలిపోయేవారిని చూస్తుంటాను.

మిర్చికి, పత్తికి మందు కొట్టేవారితో ఇంకాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. 1977లో కాలిఫోర్నియాలోని లాత్రోప్‌లో డీబీసీపీ అనే మందు తయారుచేసే కార్మికులు తమలో చాలామందికి పిల్లలు పుట్టడం లేదని తామే గమనించారు. పరీక్షిస్తే కొందరిలో వీర్యకణాలు బొత్తిగా లేవు. మొక్కల వేళ్లను పట్టే నులిపురుగుల కోసం చేసిన మందు అది. 1979లో అమెరికా దాని వాడకాన్ని చాలావరకు ఆపేసింది. మన రైతు కౌంటు తగ్గితే ఫలానా డబ్బాయే కారణమని ఒక్క రిపోర్టుతో తేల్చలేం. అలాగని ఉత్త చేతులతో మందు కలిపి, తడిసిన చొక్కాతోనే అన్నానికి కూర్చుంటే నేను ఊరుకోను. చేతులకు తొడుగు వేసుకోండి, గాలికి ఎదురుగా కొట్టకండి, ఇంటికి రాగానే స్నానం చేయండి అని చెబుతాను. వినేవారు వింటారు.

ఇక తిండి. కౌంటు తగ్గిందనగానే అందరూ మందుల షాపుకు పరుగెత్తి జింకు, ఫోలిక్ యాసిడ్ బిళ్లలు కొంటారు. 2020లో అమెరికాలో రెండువేలకు పైగా జంటల మీద చేసిన పరిశోధనలో ఆ రెండూ ఆరు నెలలు వాడినా వీర్యం మెరుగుపడలేదు, కాన్పులూ పెరగలేదు. కొందరికి కడుపు మాత్రం చెడింది. అంతకు ముందు స్పెయిన్‌లో రోజూ 60 గ్రాముల అక్రోట్లు, బాదం, హేజెల్ గింజలు 14 వారాలు తిన్న యువకుల్లో కణాల సంఖ్య, కదలిక కొంత పెరిగాయి. వాళ్లు ఆరోగ్యవంతులే కాబట్టి సంతానలేమికి ఇదే మందని మాత్రం అనుకోవద్దు. బిళ్లలకు పోసే డబ్బుతో ఆకుకూర, చేప, గుప్పెడు పల్లీలు తెచ్చుకోమంటాను. గుట్కా, సిగరెట్టు మానడానికి అసలు ఖర్చే లేదు.

నాకు అన్నిటికన్నా జాలి వేసేది జిమ్ కుర్రాళ్లను చూస్తే. కండల కోసం టెస్టోస్టెరాన్ సూదులు వేయించుకుంటారు. బయటినుంచి హార్మోను వస్తుంటే మెదడు వృషణాలకు పంపే సంకేతాన్ని ఆపేస్తుంది. కౌంటు సున్నాకు పడిపోవచ్చు. ఆపాక మళ్లీ కోలుకోవడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది.

మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన దిగువ హద్దును జనం పదో తరగతి పాసు మార్కులా చూస్తారు. ఏడాదిలోపు తండ్రులైనవారిలోనూ నూటికి ఐదుగురి లెక్క అంతకన్నా తక్కువే. పైగా ఒక కణం తయారవడానికి సుమారు 74 రోజులు, బయటికి వచ్చేసరికి ఇంకో రెండు వారాలు. పదిహేను రోజులు సిగరెట్టు మానేసి మళ్లీ వస్తే నేను చూపించగలిగేది పాత సరుకే. మూడు నెలలయ్యాక రండి.

రమ్మంటే వచ్చేవారు ఎందరు? భార్యకు రక్తపరీక్షలు, స్కాన్లు, ట్యూబుల ఎక్స్‌రే అన్నీ అయ్యాక గానీ భర్త మా గడప తొక్కడు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు లోపం కూడా ఉంటుంది. ఈ పరీక్షకు సూది గుచ్చరు, మత్తు ఇవ్వరు. అయినా వరండాలో అత్తగారు కోడలి వంకే గుర్రుగా చూస్తూ కూర్చుంటుంది. ‘అమ్మా, ఇవాళ పరీక్ష మీ అబ్బాయికి’ అని నేనే చెప్పాల్సి వస్తుంది.