రెండూ ఎడమ చేతులే

మా అత్తమ్మ దగ్గర పెళ్లైన కొత్తలో తీయించుకున్న నలుపు తెలుపు ఫొటో ఒకటుంది. అందులో ఆమె జాకెట్‌కి భుజాల మీద గుండ్రంగా బుట్టలు, మోచేతికి కాస్త పైన బిగుతుగా పట్టీ. మా అమ్మాయి అది చూసి, వాళ్ల మేనత్త కూతురి పెళ్లికి అచ్చం అలాంటిదే కావాలని పట్టుబట్టింది. గుడ్డ కూడా నాయనమ్మ పెట్టెలోదే కావాలట.

పెట్టెలో ఉన్నది వెంకటగిరి నూలు చీర. సన్న జరీ అంచు, అక్కడక్కడా జాందానీ బుటాలు, అంటే నేతలోనే వేసే పూలు. ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉండటంతో మడతల వెంట జివికిపోయింది. వెలుతురుకి పట్టుకుంటే గీతలు గీతలుగా తెలిసిపోతోంది. పావడకి చాలదని ముందే చెప్పేశా, జాకెట్ మటుకే.

మొదట మా ఆయన పాత పంచె మీద కుట్టి చూశా. చేయి పైభాగం 2 అంగుళాలు ఎత్తు పెంచి, పెద్ద కుట్టు రెండు వరసలు వేసి దారం లాగితే కుచ్చులొచ్చాయి కానీ బుట్ట నిలబడలా. నెల్లూరు చిన్నబజారులో నెట్ కొనుక్కొచ్చి లోపల వేశాక లేచింది. మిషన్‌కి 16వ నంబరు సూది తీసి సన్నటి 11 వేశా, దారం బిగుతు చూసే టెన్షన్ స్క్రూ వదులు చేశా. నా టెన్షన్ మాత్రం తగ్గలేదు.

గుడ్డని రెండు మడతలు వేస్తే జివికిన చోట్లు అడ్డొస్తాయని చేతులు విడివిడిగా కత్తిరించా. బోల్తా పడింది అక్కడే. చేతికి ముందు వైపు చంక దగ్గర లోతు ఎక్కువ తీస్తాం కదా. రెండోసారి చేతి ఆకారానికి కత్తిరించుకున్న పేపర్ తిరగేయకుండా అలాగే పెట్టి కోసేశా. రెండూ ఎడమ చేతులే! ఇంకో చేతికి బాగున్న గుడ్డ లేదు. కత్తెర పక్కన పెట్టి కూలబడ్డా.

అత్తమ్మ వచ్చి ఒక ముక్క చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పింది. "వెంకటగిరి చీరకి ఉల్టా ఏందమ్మాయ్?" అంది. నిజమే, బుటా రెండు వైపులా ఒకేలా ఉంది. తిరగేస్తే అదే కుడి చెయ్యి!

మళ్లీ కలిసిపోకుండా ఆ చేతికి ఎర్ర దారంతో ముడేసి పెట్టుకున్నా. తీయడం మర్చిపోయా. పెళ్లి ఫొటోల్లో అది బొట్టులా కనిపిస్తోంది.